బ్రౌజర్ ఆబ్జెక్టు చెప్పుకునే పేరు, దాని అసలు జాతి

జావాస్క్రిప్ట్‌లో ఒక ఆబ్జెక్టు చేతికొచ్చినప్పుడు అది ఏ జాతిదో తెలుసుకోవడానికి మనలో చాలామంది ఇప్పటికీ వాడే ఉపాయం ఒకటుంది. ఆబ్జెక్ట్.ప్రోటోటైప్.టుస్ట్రింగ్ అనే ఫంక్షన్‌ను ఆ ఆబ్జెక్టు మీద కాల్ చేసి, వచ్చిన స్ట్రింగ్‌లోని రెండో మాటను చదువుకుంటాం. ఖాళీ అర్రే ఇస్తే "[ఆబ్జెక్ట్ అర్రే]" అని, పేజీలోని డివ్ ఎలిమెంటు ఇస్తే "[ఆబ్జెక్ట్ హెచ్‌టీఎంఎల్‌డివ్‌ఎలిమెంట్]" అని వస్తుంది. ఈ జవాబును రుజువుగా తీసుకోవడం 2015 తర్వాత చెల్లదు. చెల్లకుండా చేసిన ఆ నిర్ణయం సరైనదేనని నేను నమ్ముతాను. అయితే పాత ఉపాయం పోయినచోట దానికి బదులుగా ఇవ్వవలసిన సాధనాన్ని బ్రౌజర్ ప్రమాణాలు ఇప్పటికీ ఇవ్వలేదన్నది నా ఫిర్యాదు. ఈ వ్యాసం ఆ ఫిర్యాదు గురించే.

నేను బ్రౌజర్‌లో నడిచే టెక్స్ట్ ఎడిటర్ల మీద పనిచేస్తాను. ఇలాంటి ఎడిటర్లలో రాసే భాగం తరచుగా ఐఫ్రేమ్‌లో (పేజీ లోపల విడిగా నడిచే మరో పేజీలో) ఉంటుంది, దాన్ని నడిపే స్క్రిప్టు బయటి పేజీలో ఉంటుంది. ఐఫ్రేమ్‌కు తనదైన గ్లోబల్ ఆబ్జెక్టు, తనవైన కన్‌స్ట్రక్టర్లు (ఆబ్జెక్టులను తయారుచేసే ఫంక్షన్లు), తనవైన ప్రోటోటైపులు (ఆబ్జెక్టులు తమ లక్షణాలను వారసత్వంగా పొందే మూల ఆబ్జెక్టులు) ఉంటాయి కనుక, లోపలి నుంచి వచ్చిన పేరాగ్రాఫ్ ఎలిమెంటు హెచ్‌టీఎంఎల్‌ఎలిమెంట్‌కు చెందుతుందా అని బయటి స్క్రిప్టు ఇన్‌స్టాన్స్‌ఆఫ్ ఆపరేటర్‌తో అడిగితే ఫాల్స్ వస్తుంది. ఎలిమెంటు నిఖార్సైనదే, పోల్చిన కన్‌స్ట్రక్టరే వేరే గ్లోబల్‌కు చెందింది. ఐఫ్రేమ్ లేనిచోట కూడా ఇదే చిక్కు ఎదురవుతుంది. టెస్టులు నడిపే సాధనమైన జెస్ట్ వాటిని విడి కాంటెక్స్టులో (వేరే గ్లోబల్‌తో) నడుపుతుంది కనుక, బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్ జేఎస్ లోపలి నుంచి వచ్చిన ఎర్రర్‌ను టెస్టులో ఇన్‌స్టాన్స్‌ఆఫ్ ఎర్రర్ అని అడిగినవాళ్లు ఇలాంటి ఫాల్స్‌నే చూశారు. కాబట్టి గ్లోబల్ హద్దులు దాటి పనిచేసే ప్రశ్న ఒకటి కావాలన్నది పండితుల కోరిక కాదు, రోజువారీ పనిలో పుట్టిన అవసరం.

ఆ ప్రశ్న మొదట్లో ఉండేది. 1999లో వచ్చిన ఎక్మాస్క్రిప్ట్ (జావాస్క్రిప్ట్ భాషా ప్రమాణం) మూడో ఎడిషన్ ప్రకారం ప్రతి ఆబ్జెక్టుకూ క్లాస్ అనే ఒక అంతర్గత ప్రాపర్టీ ఉండేది. స్పెసిఫికేషన్‌లో దాని పేరును జంట చదరపు బ్రాకెట్లలో రాసేవారు. ప్రోగ్రాము దాన్ని చదవడానికి ఉన్న ఏకైక దారి ఆబ్జెక్ట్.ప్రోటోటైప్.టుస్ట్రింగ్, మార్చడానికి మాత్రం ఏ దారీ లేదు. అర్రేగా పుట్టిన ఆబ్జెక్టు ఏ ఐఫ్రేమ్‌లో పుట్టినా అర్రే అనే చెప్పేది, అర్రే కానిది ఎంత ప్రయత్నించినా ఆ మాట చెప్పలేకపోయేది. లైబ్రరీలు ఈ ఉపాయాన్ని అంత గట్టిగా పట్టుకోవడానికి కారణం ఇదే. జేక్వెరీ తన టైప్ ఫంక్షన్ మొత్తాన్ని ఈ స్ట్రింగ్ మీదే కట్టింది.

భాషకు సొంతమైన అర్రే, డేట్, రెగ్‌ఎక్స్‌ప్‌ల విషయంలో ఈ ధీమా న్యాయమైనదే. బ్రౌజర్ ఇచ్చే ఆబ్జెక్టుల విషయంలో మాత్రం మొదటి రోజు నుంచీ దీనికి పునాది లేదు. వాటిని అప్పట్లో హోస్ట్ ఆబ్జెక్టులు అనేవారు. వాటి క్లాస్ విలువ ఏదైనా కావచ్చనీ, చివరికి భాష సొంత ఆబ్జెక్టులు వాడే పేరైనా కావచ్చనీ మూడో ఎడిషన్ రాసిపెట్టింది. ఆ స్వేచ్ఛను బ్రౌజర్లు పూర్తిగా వాడుకున్నాయి. ఒక దశలో విండో ఆబ్జెక్టును ఇదే ప్రశ్న అడిగితే ఫైర్‌ఫాక్స్ విండో అనేది, సఫారీ డామ్‌విండో అనేది, క్రోమ్ గ్లోబల్ అనేది, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8 ఉత్తి ఆబ్జెక్ట్ అనేది. అదే ఎక్స్‌ప్లోరర్‌లో గెట్‌ఎలిమెంట్‌బైఐడీ లాంటి మెథడ్ మీద టైప్‌ఆఫ్ వాడినా ఆబ్జెక్ట్ అనే వచ్చేది. ఈ తేడాలను తిరగేసి వాడుకున్నవాళ్లు కూడా ఉన్నారు. సఫారీ ఒకప్పుడు హెచ్‌టీఎంఎల్‌ఎలిమెంట్ కన్‌స్ట్రక్టర్‌ను "హెచ్‌టీఎంఎల్‌ఎలిమెంట్‌కన్‌స్ట్రక్టర్" అని పేర్కొనేది. ఆ స్ట్రింగ్‌లో కన్‌స్ట్రక్టర్ అనే మాట కనిపిస్తే ఇది సఫారీ అని తేల్చే కోడు ఎన్నో సైట్లలోకి పాకింది. ఆబ్జెక్టు జాతిని చెప్పవలసిన మాట బ్రౌజర్ బ్రాండును పట్టిచ్చే గుర్తుగా మారిందన్నమాట.

2009 డిసెంబరులో వచ్చిన ఐదో ఎడిషన్ కొంత కట్టడి తెచ్చింది. హోస్ట్ ఆబ్జెక్టు క్లాస్ విలువ ఏదైనా కావచ్చు కానీ, ఆర్గ్యుమెంట్స్, అర్రే, బూలియన్, డేట్, ఎర్రర్, ఫంక్షన్, జేసన్, మ్యాథ్, నంబర్, ఆబ్జెక్ట్, రెగ్‌ఎక్స్‌ప్, స్ట్రింగ్ అనే 12 పేర్లలో ఏదీ కాకూడదని చెప్పింది. ఈ జాబితాలో ఆబ్జెక్ట్ కూడా ఉందని గమనించండి. అంటే ఎక్స్‌ప్లోరర్ తన డామ్ (పేజీని ఆబ్జెక్టులుగా చూపే నమూనా) ఆబ్జెక్టులన్నిటికీ ఇచ్చిన ఆ మొండి జవాబు ఈ నియమం ప్రకారం చెల్లదు. ఏ పేరు వాడకూడదో మాత్రమే భాష చెప్పగలదు, ఏ పేరు వాడాలో చెప్పవలసింది బ్రౌజర్ల ప్రమాణమే. ఆ బాధ్యతను వెబ్ ఐడీఎల్ తీసుకుంది. డామ్, ఫెచ్, క్యాన్వాస్ లాంటి ఇంటర్‌ఫేస్‌లను జావాస్క్రిప్ట్‌లో ఎలా బయటపెట్టాలో నిర్వచించే ఆ పత్రం, ఆబ్జెక్టు క్లాస్ విలువ దాని ఇంటర్‌ఫేస్ పేరే కావాలని తేల్చింది. ఇంటర్‌ఫేస్ ప్రోటోటైపుకు మాత్రం ఆ పేరు చివర ప్రోటోటైప్ అనే మాట చేర్చాలని కూడా చెప్పింది. ఈ చిన్న జాగ్రత్త నాకు ఇష్టమైనది. నిజమైన డివ్‌కూ, డివ్‌ల వెనకనున్న ప్రోటోటైపుకూ తేడా ఆ మాటతో తెలిసేది.

తర్వాత 2015లో ఆరో ఎడిషన్ వచ్చి క్లాస్ అనే అంతర్గత ప్రాపర్టీనే తీసేసింది. ఒకే స్ట్రింగ్ రెండు పనులు మోస్తోంది: ఆబ్జెక్టు లోపల ఏ డేటా ఉందో చెప్పడం ఒకటి, మనిషి చదువుకునే పేరు ఇవ్వడం మరొకటి. ఆరో ఎడిషన్ వీటిని విడదీసింది. మొదటి పనికి ఒక్కో జాతికి ఒక్కో అంతర్గత స్లాట్ (ప్రోగ్రాముకు నేరుగా కనిపించని నిల్వ చోటు) వచ్చింది. డేట్‌కు డేట్‌వాల్యూ, రెగ్‌ఎక్స్‌ప్‌కు రెగ్‌ఎక్స్‌ప్‌మ్యాచర్, ఎర్రర్‌కు ఎర్రర్‌డేటా అలా వచ్చినవే. రెండో పనికి సింబల్.టుస్ట్రింగ్‌ట్యాగ్ అనే ప్రాపర్టీ వచ్చింది. పాత కోడు విరగకూడదని టుస్ట్రింగ్ ముందు పాత జాతులకు ఒక తాత్కాలిక పేరు ఎంచుకుంటుంది, ఆపైన ఆబ్జెక్టు ట్యాగ్‌ను చదువుతుంది. ట్యాగ్ స్ట్రింగ్ అయితే దానిదే పైచేయి. ఎవరైనా అర్రే కాని ఆబ్జెక్టుకు అర్రే అని ట్యాగ్ పెడితే దాని ముందు ఒక టిల్డ గుర్తు చేర్చి పట్టించాలన్న నియమం ముసాయిదాల్లో కొంతకాలం ఉండి, చివరికి పోయింది. అది పోవడమే మంచిదైంది. సగం నమ్మదగిన రుజువు కంటే, రుజువు కాదని తేటగా తెలిసిన పేరే మేలు.

దీనితో వెబ్ ఐడీఎల్ కూడా మారింది. ఇప్పుడు ప్రతి ఇంటర్‌ఫేస్ ప్రోటోటైపు మీదా టుస్ట్రింగ్‌ట్యాగ్ ఒక మామూలు డేటా ప్రాపర్టీగా ఉంటుంది. దాని విలువ ఇంటర్‌ఫేస్ పేరు. దానికి విలువ కేటాయించడం కుదరదు, ఎన్యూమరేషన్‌లో అది కనిపించదు, కానీ కన్ఫిగర్ చేయవచ్చు. ఈ మూడు లక్షణాల నుంచి వచ్చే ఫలితాలను విడమరచి చెప్పుకోవాలి. డివ్ ఎలిమెంటు మీద మామూలు అసైన్‌మెంటుతో ట్యాగ్ మార్చబోతే స్ట్రిక్ట్ మోడ్‌లో టైప్‌ఎర్రర్ వస్తుంది, లేకపోతే ఏమీ జరగదు. దాన్ని చూసి ఇది భద్రమని అనుకోవడం సహజం. కానీ డిఫైన్‌ప్రాపర్టీతో అదే డివ్ మీద సొంత ట్యాగ్ పెట్టుకోవచ్చు, అప్పుడది తాను అర్రేనని కూడా చెబుతుంది. హెచ్‌టీఎంఎల్‌డివ్‌ఎలిమెంట్ ప్రోటోటైపును ప్రోటోటైపుగా పెట్టి ఆబ్జెక్ట్.క్రియేట్‌తో ఒక ఉత్తి ఆబ్జెక్టును తయారుచేస్తే, అదీ హెచ్‌టీఎంఎల్‌డివ్‌ఎలిమెంట్ అనే అంటుంది. ఆ ప్రోటోటైపు కూడా ఇప్పుడు అదే పేరు చెబుతుంది, ఎందుకంటే చివర చేర్చే మాటను వెబ్ ఐడీఎల్ తర్వాత వదిలేసింది. ట్యాగ్ గుమ్మానికి తగిలించిన పేరుపలక లాంటిది, ఇల్లు ఎవరిదో తేల్చేది మాత్రం రిజిస్టరైన దస్తావేజు.

పేరు ఎంత వదులుగా ఉంటుందో చూపే ఉదాహరణలు బ్రౌజర్‌లో కోకొల్లలు. సెక్షన్, ఆర్టికల్, బి ఎలిమెంట్లు మూడూ హెచ్‌టీఎంఎల్‌ఎలిమెంట్ అనే ఒకే పేరు చెబుతాయి. మనం సొంతంగా నిర్వచించిన కస్టమ్ ఎలిమెంటు కూడా, ప్రత్యేకంగా ట్యాగ్ పెట్టకపోతే, అదే అంటుంది. గెట్‌బౌండింగ్‌క్లయింట్‌రెక్ట్ ఇచ్చే ఆబ్జెక్టు క్రోమ్‌లో ఒకప్పుడు క్లయింట్‌రెక్ట్, ఇప్పుడు డామ్‌రెక్ట్. డాక్యుమెంట్.ఆల్ మీద టైప్‌ఆఫ్ వాడితే అన్‌డిఫైన్డ్ వస్తుంది, టుస్ట్రింగ్ వాడితే హెచ్‌టీఎంఎల్‌ఆల్‌కలెక్షన్ వస్తుంది. అన్నిటికంటే ఆలోచింపజేసేది వేరే ఆరిజిన్‌కు (అంటే వేరే సర్వర్ చిరునామాకు) చెందిన ఐఫ్రేమ్ విండో. భద్రత కోసం దాని ప్రాపర్టీల్లో చాలావరకు మనకు అందవు. టుస్ట్రింగ్‌ట్యాగ్‌ను అడిగితే మాత్రం ఎక్సెప్షన్ రాకుండా అన్‌డిఫైన్డ్ ఇవ్వాలని హెచ్‌టీఎంఎల్ ప్రమాణం ప్రత్యేకంగా చెబుతుంది. ఫలితంగా ఒక అసలైన విండో తన పేరును ఉత్తి ఆబ్జెక్ట్ అని చెబుతుంది. అబద్ధపు ఆబ్జెక్టు నిజమైన పేరు చెప్పగలిగినట్టే, నిజమైన ఆబ్జెక్టు తన పేరు చెప్పలేకపోవడం కూడా ప్రమాణబద్ధమే.

ప్రాక్సీలు (మరో ఆబ్జెక్టును చుట్టి దాని బదులు జవాబిచ్చే ఆబ్జెక్టులు) వచ్చాక ఈ చిక్కు మరింత బిగిసింది. ఒక డివ్ చుట్టూ ఖాళీ హ్యాండ్లర్‌తో ప్రాక్సీ కడితే టుస్ట్రింగ్ దాన్ని హెచ్‌టీఎంఎల్‌డివ్‌ఎలిమెంట్ అంటుంది, ఇన్‌స్టాన్స్‌ఆఫ్ కూడా ట్రూ ఇస్తుంది. కానీ దాన్ని అపెండ్‌చైల్డ్‌కు అందిస్తే, ఇది నోడ్ (పేజీ చెట్టులోని ఒక భాగం) కాదని బ్రౌజర్ టైప్‌ఎర్రర్ విసురుతుంది. మ్యాప్ చుట్టూ కట్టిన ప్రాక్సీదీ అదే కథ. పేరు మ్యాప్ అని చెబుతుంది, గెట్ మెథడ్‌ను కాల్ చేస్తే కూలిపోతుంది. ఈ స్ట్రింగ్ మీద నిర్ణయాలు తీసుకునే లైబ్రరీలు చిన్నవేమీ కావు. పేజీలు కట్టే ఫ్రేమ్‌వర్క్ వ్యూ 3 ఒక ఆబ్జెక్టును రియాక్టివ్ (దానిలో మార్పును పసిగట్టి పేజీని తాజాపరిచేలా) చేయవచ్చో లేదో ఈ స్ట్రింగ్‌నుంచే తేలుస్తుంది. అందువల్ల మన క్లాసుకు సొంత టుస్ట్రింగ్‌ట్యాగ్ పెట్టుకుంటే, కేవలం చదువుకోవడానికని పెట్టిన ఆ పేరు వల్ల దాని ఇన్‌స్టాన్సులు రియాక్టివ్ కాకుండా పోతాయి. లోడ్యాష్ మరో అడుగు ముందుకు వేసింది. ట్యాగ్ వెనకనున్న అసలు పేరు చూడటానికి, వాడుకరి ఇచ్చిన ఆబ్జెక్టు మీద ట్యాగ్‌ను క్షణకాలం అన్‌డిఫైన్డ్ చేసి, టుస్ట్రింగ్ అడిగి, మళ్లీ యథాస్థితికి తెస్తుంది. ఒక విలువ జాతి ఏమిటని అడగడానికి దాన్ని మార్చవలసి రావడం భాషలోని లోటుకు నిదర్శనం, ఆ లైబ్రరీ రాసినవారి తప్పు కాదు.

అసలు జాతి తెలుసుకునే దారి లేదా అంటే, దొడ్డిదారి ఒకటుంది. వెబ్ ఐడీఎల్ ప్రకారం ఇంటర్‌ఫేస్‌లోని దాదాపు ప్రతి గెటరూ (ప్రాపర్టీని చదివినప్పుడు నడిచే ఫంక్షన్), మెథడూ పని మొదలుపెట్టే ముందు, తనకు దిస్‌గా, అంటే ఎవరి మీద పనిచేయాలో దానిగా, అందిన ఆబ్జెక్టు నిజంగా ఆ ఇంటర్‌ఫేస్‌ను అమలు చేస్తోందా అని లోపల సరిచూస్తుంది, కాకపోతే టైప్‌ఎర్రర్ విసురుతుంది. ఈ తనిఖీ పేరునూ ప్రోటోటైపునూ చూడదు, బ్రౌజర్ సొంతంగా పెట్టుకున్న గుర్తునే చూస్తుంది. కాబట్టి ఐఫ్రేమ్ హద్దు దాన్ని అడ్డుకోదు, ప్రాక్సీ దాన్ని మోసగించలేదు. నోడ్ ప్రోటోటైపు నుంచి నోడ్‌టైప్ గెటర్‌ను విడిగా తీసి దాచుకుని, అనుమానమున్న ఆబ్జెక్టు మీద దాన్ని కాల్ చేసి, ఎర్రర్ వచ్చిందో లేదో చూస్తే నోడ్ అవునో కాదో తేలిపోతుంది.

అంత శ్రమ ఎందుకు, నేరుగా నోడ్‌టైప్ ప్రాపర్టీ చదివి 1 (అంటే ఎలిమెంటు) వచ్చిందో లేదో చూస్తే చాలదా అని అడిగేవారికి ఫారం ఎలిమెంటును చూపించాలి. ఫారంలో ఒక ఇన్‌పుట్‌కు నోడ్‌టైప్ అని నేమ్ ఇస్తే, ఫారం.నోడ్‌టైప్ అన్నప్పుడు 1 బదులు ఆ ఇన్‌పుట్ ఎలిమెంటే చేతికొస్తుంది. ఫారం ఇంటర్‌ఫేస్‌లో పేరున్న కంట్రోళ్లు సహజ ప్రాపర్టీలను కప్పేస్తాయి, చాలా పాత ప్రవర్తన ఇది. బయటి నుంచి వచ్చిన హెచ్‌టీఎంఎల్‌ను శుద్ధి చేసే కోడును ఏమార్చడానికి దాడి చేసేవాళ్లు దీన్నే వాడతారు. డామ్ క్లాబరింగ్ అని దీనికి పేరు. పేస్ట్ చేసిన హెచ్‌టీఎంఎల్‌ను లోపలికి రానిచ్చే ఎడిటర్‌కు ఇది ఊహాజనితమైన ముప్పు కాదు. ప్రోటోటైపు నుంచి తీసిన గెటర్ ఈ పన్నాగానికి లొంగదు.

అయినా ఈ దొడ్డిదారిని ఎవరికైనా నేర్పడం నాకు ఇబ్బందిగానే ఉంటుంది. ఏ గెటర్‌ను ఎంచుకోవాలో ఇంటర్‌ఫేస్ ఇంటర్‌ఫేస్‌కూ వెతుక్కోవాలి. కొన్ని పాత ఈవెంట్ హ్యాండ్లర్ అట్రిబ్యూట్లు, ఉదాహరణకు ఆన్‌మౌస్‌ఎంటర్, తప్పుడు దిస్ ఇచ్చినా ఎర్రర్ విసరకుండా అన్‌డిఫైన్డ్ ఇస్తాయి. ప్రామిస్ ఇచ్చే మెథడ్లు, రెస్పాన్స్‌లోని టెక్స్ట్ లాంటివి, ఎర్రర్ విసరడానికి బదులు రిజెక్ట్ అయిన ప్రామిస్ ఇస్తాయి, కనుక ట్రై క్యాచ్‌తో పట్టుకోవాలనుకున్నవారికి అన్నీ రెస్పాన్స్‌లే అన్న జవాబు దొరుకుతుంది. అవును కాదు అన్న ప్రశ్నకు ఎక్సెప్షన్ ద్వారా జవాబు రాబట్టడం కోడు చదివేవారికి అర్థం కాని పని.

భాషలోనే దీనికి మంచి నమూనాలు ఉన్నాయి. టైప్డ్ అర్రేల ఉమ్మడి ప్రోటోటైపు మీద టుస్ట్రింగ్‌ట్యాగ్ డేటా ప్రాపర్టీగా ఉండదు, గెటర్‌గా ఉంటుంది. అది లోపలి స్లాట్‌ను చూసి, నిజమైన టైప్డ్ అర్రే అయితే దాని పేరు, కాకపోతే అన్‌డిఫైన్డ్ ఇస్తుంది. ఆ గెటర్‌ను విడిగా తీసి అడిగితే అబద్ధం చెప్పదు, ఎర్రర్ కూడా విసరదు. వెబ్ ఐడీఎల్ 2015 తర్వాత తన ట్యాగ్‌లను ఇదే పద్ధతిలో నిర్వచించి ఉంటే పేరుకూ జాతికీ మధ్య ఈ తెగతెంపులు బ్రౌజర్ ఆబ్జెక్టుల వరకు జరిగేవి కావని నా అంచనా. రెండో నమూనా అర్రే.ఈజ్‌అర్రే. మూడోది ఇటీవలిది, నాకు ఎక్కువ ఆశ కలిగించినది: ఎర్రర్.ఈజ్‌ఎర్రర్. ఎర్రర్ ప్రోటోటైపు మీద అలాంటి గెటర్ లేదు, పైగా ఎర్రర్ అని ట్యాగ్ పెట్టుకున్న ఏ ఆబ్జెక్టయినా టుస్ట్రింగ్ దగ్గర ఎర్రర్‌గా చెలామణి అయ్యేది. నిజం తేల్చే సూటి దారి లేకపోయింది. 2025లో టీసీ39 (జావాస్క్రిప్ట్ ప్రమాణాన్ని నిర్ణయించే కమిటీ) ఆమోదించిన ఈ ఫంక్షన్ ఎర్రర్‌డేటా స్లాట్‌ను సూటిగా చూస్తుంది. బ్రౌజర్ సొంతమైన డామ్‌ఎక్సెప్షన్ కూడా దీని దగ్గర ఎర్రర్‌గానే లెక్కకు వస్తుంది. అంటే భాషా ప్రమాణం, బ్రౌజర్ ప్రమాణం చేతులు కలిపి ఒక జాతి ప్రశ్నకు గట్టి జవాబు ఇవ్వగలవని రుజువైంది.

దీనికి ఎదురయ్యే అభ్యంతరాల్లో రెండింటిని నేను తేలిగ్గా తీసుకోను. మొదటిది, సదుద్దేశంతో పోలికలు పెట్టుకునే ఆబ్జెక్టులకు గట్టి తనిఖీ అన్యాయం చేస్తుందన్న మాట. జావాస్క్రిప్ట్ ప్యాకేజీల భాండారమైన ఎన్‌పీఎంలోని ఫారం-డేటా ప్యాకేజీ తన టుస్ట్రింగ్ మెథడ్ "[ఆబ్జెక్ట్ ఫారండేటా]" అని చెప్పేలా రాసుకుంది. బ్రౌజర్ లేనిచోట ఫారండేటా పని అది చేస్తుంది, ఆక్సియోస్ లాంటి లైబ్రరీలు ఆ మాటను గౌరవిస్తాయి. అక్కడ ఆ పని చేయగలవా అన్నదే ప్రశ్న కనుక పేరు చాలు, చాలాలి కూడా. నేను పేరును తీసేయమనడం లేదు, శుద్ధి చేసే కోడుకూ, ఆబ్జెక్టును బ్రౌజర్ సొంత మెథడ్‌కు అప్పగించబోయే కోడుకూ రెండో ప్రశ్న అడిగే వీలు ఇవ్వమంటున్నాను.

రెండో అభ్యంతరం లోతైనది. జాతిని బయటపెట్టే ప్రతి ఫంక్షనూ ప్రాక్సీలు అసలువాటిలా కనిపించే అవకాశాన్ని తగ్గిస్తుందని, భద్రత కోసం ఆబ్జెక్టుల చుట్టూ పొరలు కట్టేవారు అంటారు. కానీ ఆ తేడా ఇప్పటికే బయటపడి ఉంది. ప్రాక్సీ కట్టిన డివ్‌ను అపెండ్‌చైల్డ్ తిరస్కరిస్తూనే ఉంది, గెటర్ తనిఖీ పట్టిస్తూనే ఉంది. కొత్త ఫంక్షన్ కొత్త రహస్యమేదీ బయటపెట్టదు, ఎక్సెప్షన్ రూపంలో ఉన్న జవాబును బూలియన్ రూపంలో ఇస్తుంది. పొరలు కట్టేవారు గ్లోబల్‌లోని మిగతా ఫంక్షన్లను చుట్టినట్టే దీన్నీ చుట్టుకోవచ్చు. మన సొంత క్లాసులకైతే 2022 ఎడిషన్ ఇన్ ఆపరేటర్‌తో ప్రైవేట్ ఫీల్డు ఉందో లేదో అడిగే వీలు ఇచ్చేసింది. మామూలు ప్రోగ్రామర్ తన క్లాసుకు చేసుకోగలిగిన తనిఖీని బ్రౌజర్ తన నోడ్‌కు ఇవ్వకపోవడానికి సమర్థన నాకు కనిపించదు.

అమలులో ఒక నిజమైన మెలిక ఉంది. కన్‌స్ట్రక్టర్ల మీది స్టాటిక్ మెథడ్లు వారసత్వంగా కిందికి వస్తాయి. ప్రతి ఇంటర్‌ఫేస్‌కూ ఒకే పేరుతో ఫంక్షన్ పెడితే, హెచ్‌టీఎంఎల్‌ఎలిమెంట్ నుంచి మనం రాసుకున్న కస్టమ్ క్లాసు కూడా ఆ ఫంక్షన్‌ను అందుకుని, తన గురించి అడిగినప్పుడు తల్లి ఇంటర్‌ఫేస్ గురించి జవాబు చెబుతుంది. అందుకే అర్రే, ఎర్రర్ చూపిన దారిలోనే నోడ్.ఈజ్‌నోడ్, బ్లాబ్.ఈజ్‌బ్లాబ్ అంటూ ఇంటర్‌ఫేస్ పేరును ఫంక్షన్ పేరులోనే ఉంచాలి. అప్పుడు ఎవరు అందుకున్నా అర్థం మారదు. తనిఖీ కోడు బ్రౌజర్లలో ఇప్పటికే ఉంది. క్రోమియంలోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ ఈ బైండింగులు ఐడీఎల్ ఫైళ్ల నుంచే తయారవుతాయి కనుక చేర్చవలసింది చాలా కొద్ది. వందలాది ఇంటర్‌ఫేస్‌లకు ఒక్కసారే కావాలని నేను అడగను. లైబ్రరీల మధ్య చేతులు మారేవాటికి, అంటే నోడ్‌కు, బ్లాబ్‌కు, ఫారండేటాకు ముందు రావాలి. నోడ్‌కు ఒక్కదానికి వచ్చినా, ఎడిటర్లు రాసే మాలాంటివాళ్లం మరో స్క్రిప్టు చెయ్యి పడకముందే నోడ్‌టైప్ గెటర్‌ను తీసి దాచుకునే కోడును తొలగించగలుగుతాం.